కోడిపుంజు వెనకాల నలభై మంది

భోపాల్‌పట్నంలో స్టీలు సామాన్లమ్మే కిరణ్మయి కంప్యూటర్ ఆట తయారు చేస్తోందని ఊళ్లో అందరికీ తెలుసు. అది ఏం ఆటో మాత్రం ఎవరికీ తెలియదు. కొందరు లూడో అనుకున్నారు. ఇంకొందరు పేకాట అనుకుని ఆమె తండ్రి దశరథరామయ్యను పక్కకు పిలిచి మందలించారు కూడా. ముప్పై ఆరేళ్లొచ్చిన ఆడమనిషి ఆటలాడటమే తప్పయితే ఆటలు తయారు చేయడం ఎంత తప్పో వాళ్లకు ఎటూ తేలలేదు. తేలకపోవడమే మేలయింది, లేకపోతే ఇంకో నలుగురు వచ్చి మందలించేవాళ్లు.

ఆమె పని చేసే చోటు చూస్తే మీరూ నమ్మరు. వారానికి ఆరు రోజులు ఆరు ఊళ్ల సంతలు. భర్త మురళి వ్యాన్ నడుపుతాడు, తండ్రి ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా మురళికి డ్రైవింగ్ నేర్పుతాడు, కిరణ్మయి వెనకాల గిన్నెల మధ్య కూర్చుంటుంది. పొద్దున బేరాలు జోరుగా ఉంటాయి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎండ ముదిరి జనం చెట్ల కింద చేరాక మూడింటి దాకా ఒక్క చెంచా కూడా కదలదు. ఆ రెండు గంటలే ఆమెవి. పెద్ద గుండిగ బోర్లించి, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని మొదలుపెట్టేది. పాఠాల వీడియోలు భోపాల్‌పట్నంలో సిగ్నల్ ఉన్నప్పుడు దించుకోవడం, అడవిలో సిగ్నల్ లేనప్పుడు చూసుకోవడం. నాలుగేళ్లు ఇట్లాగే గడిచాయి. ఆమె ఆటలో ఇప్పుడొక ఇంద్రావతి నది ఉంది, దాని మధ్యలో ఇసుక దిబ్బలున్నాయి, గుట్టలున్నాయి, ఒక గుట్టకు జలపాతం, దాని వెనక గుహ, ఏడు సంతలు, నలభై మంది మనుషులు, పదహారు మేకలు ఉన్నాయి. మేకల దగ్గర ఆగిపోయిందంటే ఓపిక లేక కాదు, ల్యాప్‌టాప్ మొరాయించి.

ఇక కథ నందే అవ్వది.

నందే దోర్ల తెగ ముసలమ్మ. సంతలో వీళ్ల గిన్నెల పక్కనే కూర్చుని చింతపండు, చీపుళ్లు అమ్ముతుంది. ఆమె వయసు ఎంతని అడిగితే అవసరాన్ని బట్టి చెబుతుంది. బస్సులో సీటు కావాలంటే ఎనభై, బేరం చేసే వాళ్లు జాలిపడితే యాభై. నాలుగేళ్ల కిందట ఒక వానాకాలం, బురదలో వ్యాన్ దిగబడితే, సామాన్లు నెత్తిన పెట్టుకుని సంతకు నాలుగు కిలోమీటర్లు నడవాల్సి వచ్చింది. ఆ దారిలో నందే ఈ కథ చెప్పింది.

ఒక ఊళ్లో పండగ నాడు డోలు కొట్టారు. కర్ర పడుతోంది, తోలు ఊగుతోంది, చప్పుడు మాత్రం లేదు. ఏమైందయ్యా అంటే, తెల్లవారకముందే ఒక కోడిపుంజు ఆ చప్పుడును గింజ అనుకుని మింగేసి ఉడాయించింది. బుధ్రి అనే పిల్ల దాన్ని వెతుక్కుంటూ బయలుదేరింది. మొదటి సంతలో దాన్నొక రైతు కొనుక్కున్నాడు. తెల్లారి అది నోరు తెరిస్తే కొక్కొరొకోకు బదులు ధిం ధిం ధిం అని డోలు మోగింది. ముసలమ్మ దగ్గర్నుంచి మేకపిల్ల దాకా ఇల్లంతా చిందులే. నాగలి పట్టిన వాడు లేడు, పొయ్యి వెలిగించిన వాళ్లు లేరు. వారం తిరగకముందే దాన్ని రెండో సంతలో అమ్ముకున్నాడు. అక్కడ కొన్నవాడిదీ అదే గతి, మూడో సంతలో కొన్నవాడిదీ అంతే. నాలుగో సంతలో బుధ్రి పుంజున్న గంప పట్టుకుంది. మీద గుడ్డ తీసింది. పుంజు ఆమె నెత్తి మీద కాలు పెట్టి ఎగిరింది. సంత మీది నుంచి ఎగిరి, చెట్ల మీది నుంచి ఎగిరి...

అక్కడ నందే ఆగిపోయింది. మొదటిసారే కాదు, ఎన్నిసార్లు చెప్పించుకున్నా సరిగ్గా అక్కడే ఆగేది.

"తర్వాత ఏమైంది అవ్వా?"

"చెప్త బిడ్డా. ముందు నీ డబ్బల పెట్టు దీన్ని. మనల్ని ఎరగనోళ్లు ఒక్కరన్న ఇక్కడి దాక వినాలె. నడుమల లేచి పోకుండ వినాలె. అప్పుడు మిగిలింది చెప్త."

డబ్బా అంటే ల్యాప్‌టాప్. కిరణ్మయి బతిమాలింది. టిఫిన్ డబ్బా ఇస్తానంది, మూడు గిన్నెల సెట్టు ఇస్తానంది, రోజూ వ్యాన్‌లో ముందు సీటు ఇస్తానంది. సీటు మాట విని దశరథరామయ్య గుండె గుభేలుమంది కానీ ముసలమ్మ కదిలితే కదా. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు. చివరకు కిరణ్మయి పరిస్థితి ఏమిటంటే, నాలుగేళ్లు కష్టపడి కట్టిన ఆటకు ముగింపు ఏమిటో కట్టిన ఆవిడకే తెలియదు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి సగం కథ ఆసాంతం వింటే తప్ప తెలిసే దారి లేదు.

వినిపించడం ఏమంత కష్టం అనుకుంటున్నారేమో. ఆటలో కథ చెప్పడమంటే తిరునాళ్లకు వచ్చిన పిల్లవాడికి అన్నం తినిపించడమే. వాడి కళ్లు రంగులరాట్నం మీదుంటాయి, నోరు మీ ముద్దకు అందదు. కూర్చోబెట్టి తినిపిస్తే తిరునాళ్ల సంబరం పోయిందని ఏడుస్తాడు. వదిలేస్తే ఆకలితో ఇంటికొస్తాడు.

ఈ గొడవంతా కిరణ్మయికి ఇంట్లోనే అనుభవంలోకి వచ్చింది. మొదట తండ్రిని కూర్చోబెట్టింది. దశరథరామయ్యకు కథ కావాలి. నది చూడు నాన్నా, నీళ్లలో చేపలు కూడా పెట్టాను అంటే, "చేపలు రోజూ చూసేటియే గదమ్మా, పుంజు ఏమైంది?" అన్నాడు. నడవడమంటే ఆయనకు కోపం. ఒక సంత నుంచి ఇంకో సంతకు బుధ్రిని నడిపించాల్సి వస్తే, "బస్సు పెట్టరాదా" అన్నాడు. మురళి సంగతి పూర్తిగా తిరకాసు. ఆయన కాలు గాలిన పిల్లి. కథ ఒక్క ముక్క విన్నాడో లేదో, ఇసుక దిబ్బ మీదికి పోయి కూర్చున్నాడు. గుట్ట ఎక్కాడు. మేకల్ని లెక్కపెట్టి, "పదహారే ఉన్నయేంది" అని నొచ్చుకున్నాడు. మూడు గంటల తర్వాత పుంజు ఎక్కడుందని అడిగితే, "ఏం పుంజు?" అన్నాడు.

కథ బిగిస్తే మురళికి ఊపిరాడలేదు, వదులు చేస్తే తండ్రి దారి తప్పాడు. ఆరు నెలలు ఇటొక గుప్పెడు, అటొక గుప్పెడు వేసి తూచింది. చివరకు కథను ముక్కలు చేసి దారిలో మనుషుల నోట్లో పెట్టింది. చెట్టు కింద ఒకరు, బావి దగ్గర ఒకరు, వాగు దాటే చోట బండ మీద నందే అవ్వ. దగ్గరికి రాగానే వాళ్లు, "ఎటు పోతున్నవ్?" అని అడుగుతారు. ఆగి, మీట నొక్కి జవాబు చెబితే ఒక ముక్క కథ చెబుతారు. ఎక్కడైనా తిరుగు, ఎవరో ఒకరు అడుగుతారు, ఎవరి దగ్గరైనా ఆగితే కథ అందుతుంది. తండ్రి ముప్పై నిమిషాల్లో నాలుగో సంతకు చేరాడు. మురళి నాలుగు గంటల్లో చేరాడు. ఇద్దరూ చేరారు, ఇద్దరికీ అన్ని ముక్కలూ గుర్తున్నాయి. కిరణ్మయి ఆ సంతోషంలో ఒక ప్రెషర్ కుక్కర్‌ను అడిగిన రేటుకే ఇచ్చేసింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలిచింది. మరి రచ్చో?

జగ్దల్‌పూర్‌లో ఒక కాలేజీ వాళ్లు రెండు రోజుల ఆటల మేళా పెట్టారు. సొంతంగా ఆటలు తయారు చేసిన వాళ్లకు తలా ఒక బల్ల, వచ్చిన వాళ్లు ఆడి చూడొచ్చు. తక్కిన అయిదు బల్లల దగ్గరా ఇరవై ఏళ్ల పిల్లలు. ఆరో బల్ల దగ్గర చీర కట్టుకున్న కిరణ్మయి, ఆమె పక్కన స్టూలు మీద నందే. "నా కథ ఎవరింటరో నేను సూడాలె" అని బయలుదేరింది ముసలమ్మ, ఖాళీగా రావడమెందుకని చీపుళ్ల కట్ట కూడా తెచ్చుకుంది. గేటు దగ్గర ఆపిన వ్యాన్‌ను చూసి జనం గిన్నెల రేట్లు అడగసాగారు. ఆ బేరాలకు దశరథరామయ్య ఉండిపోయాడు, ఆయనకు మేళా బ్రహ్మాండంగా ఉంది.

మొదటి రోజు పదకొండు మంది ఆడారు. ఒక కుర్రాడు కూర్చున్న మరుక్షణం పరుగు లంకించుకున్నాడు. చెట్టు కింద మనిషి "ఎటు పోతున్నవ్?" అని అడిగాడు. తెర కింద హిందీలో కూడా పడింది. కుర్రాడు ఆగలేదు. బావి దగ్గరావిడ అడిగింది, ఆగలేదు. నందే అవ్వ బండ మీద నుంచి అడిగింది, ఆ కుర్రాడు ఆమె మీది నుంచి దూకి పోయాడు. స్టూలు మీది నందే ఒళ్లు సర్దుకుంది. తర్వాతి అమ్మాయి తిన్నగా నదిలోకి దిగింది. ఆ తర్వాతి వాడు గుట్ట ఎక్కి అక్కడి నుంచి ఎన్నిసార్లు దూకొచ్చో లెక్కపెట్టాడు. ఒకడు గంటసేపు మేకను నెట్టాడు. పదకొండు మందీ సంతోషంగానే ఆడారు, లేచి బాగుందన్నారు. కోడిపుంజు అనే ప్రాణి ఒకటుందని ఒక్కరికీ తెలియలేదు.

చివరగా మేళా వాళ్లు రాయపూర్ నుంచి పిలిపించిన పెద్దమనిషి వచ్చి ఆడాడు. ఆయనకీ అంతే. లేస్తూ, "మేడమ్, మీ దునియా బహుత్ సుందర్. కానీ కహానీ... కథ ఏదీ?" అని అడిగాడు. ఎంత మర్యాదగా అడిగాడంటే కిరణ్మయి ఆయనకు దండం పెట్టి పంపించింది.

సాయంత్రం అయిదింటికి వ్యాన్ వెనకాల చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చుంటే ఆమెకు ఏడుపొచ్చింది. గిన్నెల మధ్య కూర్చుని ఏడిస్తే చిన్న చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తుంది. మురళి పరుగెత్తుకొచ్చాడు.

"ఎవ్వరూ ఆగలేదయ్యా" అంది.

"ఆగలేదంటే? ఎటు పోతున్నవ్ అని అడిగినంక గూడనా?"

"అడిగినంక గూడ."

మురళికి అర్థం కాలేదు. నిజంగానే కాలేదు. "అడిగితే చెప్పకుండ ఎట్ల పోతరు? ఏం మనుషులు వాళ్లు?" అన్నాడు.

ఆ మాటతో కిరణ్మయి ఏడుపు ఆగింది. వాళ్ల వైపు దారిలో ఎదురైన మనిషి అడిగేది అదొక్కటే, ఎటు పోతున్నవ్. నమస్కారానికి బదులు అదే. తెలిసిన వాళ్లైనా, తెలియని వాళ్లైనా ఆగాలి, ఫలానా ఊరికి అని చెప్పాలి, నువ్వెటు అని అడగాలి. కొంపలంటుకున్నా సరే అంత మాత్రం ఆగుతారు. ఆగకుండా పోయేవాడు దొంగ అన్నా కావాలి, దెయ్యమన్నా కావాలి. నాలుగేళ్లలో ఈ ఆట ఆడి చూసిన వాళ్లంతా సంతల వాళ్లే. అందరూ ఎదురైన ప్రతి మనిషి దగ్గరా ఆగారు. మురళికి నాలుగు గంటలు పట్టింది కూడా అందుకే, నలభై మందికీ జవాబు చెప్పి, కొందరికి రెండోసారి కూడా చెప్పి వచ్చాడు. పిలిస్తే ఆగని మనిషి ఉంటాడన్న ఊహే ఆమెకు రాలేదు. కథనంతా తీసుకెళ్లి ఆ ఒక్క మర్యాద మీద పెట్టి కూర్చుంది.

"ఇప్పుడేం చేస్తం అవ్వా, రేపు ఒక్క రోజే ఉంది" అంది పక్కనే కూర్చున్న ముసలమ్మతో.

నందే చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ ఆలోచించింది. "ఆగకపోతే ఏమాయె. నేను గా బండ మీద కూసునుడేంది? నాకు కాళ్లు లేవా?"

"అంటే?"

"నీకు ఈ కథ కూసోని చెప్పిన్నా బిడ్డా? గిన్నెలు నెత్తిన పెట్టుకోని నువ్వు ఉరుకుతుంటే ఎనకాల నడుసుకుంట చెప్పిన. నువ్వు ఆగి ముల్లు తీసుకుంటె ఆ ముల్లు చెట్టు సంగతి చెప్పిన. మల్ల నడిస్తే మల్ల కథ చెప్పిన. ఉరికేటోని ఎంబడి ఉరకాలె."

కిరణ్మయి చాయ్ గ్లాసు గుండిగ మీద పెట్టి, ముసలమ్మను వాటేసుకుని, ఆమె నుదుటి మీద ముద్దు పెట్టింది. నందే బిస్కెట్ చాయ్‌లో విరిగి మునిగిపోయింది. దానికామె చాలాసేపు తిట్టింది.

మర్నాడు ఆరింటికే కిరణ్మయి పని మొదలుపెట్టింది. కథంతా నందే గొంతులోనే ఉంది, నడుస్తూ చెబుతున్నప్పుడు ఫోన్లో రికార్డు చేసింది కనుక ఆయాసంతో సహా ఉంది. చెట్ల గురించి, ముళ్ల గురించి, బావుల గురించి, బావులు తవ్వించిన వాళ్ల గురించి ముసలమ్మ నాలుగేళ్లు వాగిన వాగుడంతా కూడా ఉంది. నియమం చిన్నది. ఆడేవాళ్లు ఎటు పోతే అటు అవ్వ వెంట నడుస్తుంది. కదులుతున్నంత సేపూ కథ చెబుతుంది, ఎక్కడన్నా ఆగితే ఆ చోటు గురించి చెబుతుంది, కదిలితే విడిచిన చోట నుంచి కథ అందుకుంటుంది. గేటు తెరిచే వేళకు పూర్తయింది. ఆడి చూసుకోవడానికి మాత్రం టైము లేదు.

పదింటికి ఒక పెద్దాయన వచ్చాడు. పేరు సత్యమూర్తి. కిరండూల్ ఇనుప గనిలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఆయన కూతురు జయ ఆ కాలేజీలోనే పాఠాలు చెబుతుంది. ఆమెకు భోజనం గంట కొట్టేదాకా పొద్దుపోక వచ్చాడు. జన్మలో కంప్యూటర్ ఆట ఆడలేదు. తెలుగు అక్షరాలు కనిపించేసరికి కూర్చున్నాడు.

"ఏం చెయ్యాలమ్మాయ్?"

"ఈ బాణం మీటలు నొక్కండి సార్. ఎటు బుద్ధి పుడితే అటు పొండి."

సత్యమూర్తి నాలుగడుగులు వేశాడు. బండ మీది అవ్వ లేచింది. అవ్వ నడిచింది. కథ మొదలైంది. ఆ తర్వాత చెట్టు కింద మనిషి లేచాడు. బావి దగ్గరావిడ బిందె వదిలేసి వచ్చింది. చేపలు పట్టేవాడు వల వదిలేసి వచ్చాడు. మొదటి సంత మొత్తం తట్టలు అక్కడే పారేసి లేచి నిలబడి, సత్యమూర్తి వెంట పడింది.

కిరణ్మయి నెత్తిన చేతులు పెట్టుకుంది. ఆటలో మనుషులందరినీ ఒకే అచ్చులోంచి తీసింది. అవ్వ ఒక్కదానికి రాయాల్సిన వెంట నడిచే నియమాన్ని తొందరలో ఆ అచ్చుకే రాసేసింది. ఒకరి కంచంలో వేయాల్సిన ఉప్పు గుండిగలో పడింది.

"ఇదేంటమ్మాయ్, వీళ్లంతా నా వెనకాల పడ్డారేంటి? నేనేం చేశాను?" అన్నాడు సత్యమూర్తి. అంటూనే పరుగెత్తాడు. ఆయన పరుగెడితే నలభై మందీ పరుగెత్తారు. మేకలు కూడా ఆ అచ్చులోంచే వచ్చాయేమో, పదహారూ వచ్చాయి. పక్క బల్లల పిల్లలు తమ ఆటలు వదిలి వచ్చి నిలబడ్డారు. ఆపేద్దామని కిరణ్మయి చెయ్యి చాపితే, నందే ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ. ఇంటున్నడు" అంది.

వింటున్నాడు. ఆ మందను తప్పించుకోవడానికి సత్యమూర్తి గుట్ట ఎక్కాడు, వాళ్లూ ఎక్కారు. అవ్వ ఆయాసపడుతూ రెండో సంత సంగతి చెప్పింది. ఇసుక దిబ్బ మీదికి ఈదాడు, మేకలతో సహా అందరూ ఈదారు. జలపాతం వెనక గుహలో దూరాడు. ఆయన అక్కడ ఊపిరి తీసుకుంటుంటే అవ్వ గబ్బిలాల గురించి రెండు మాటలు చెప్పింది, నలభై మందీ గుహ నిండా భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. చుట్టూ పిల్లలు పొట్టలు పట్టుకున్నారు. "అంకుల్, దాయే, దాయే" అని కుడివైపు చూపిస్తూ కేకలు. సత్యమూర్తి నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా కళ్ల నీళ్లు కారుతున్నాయి. "ఉండండర్రా, మూడో రైతు కూడా అమ్మేశాడు, విననివ్వండి" అని కసిరాడు. తండ్రికి నచ్చిన కథ, మురళికి నచ్చిన తిరుగుడు, ఒకే మనిషి ఒకే పరుగులో రెండూ చేస్తుంటే కిరణ్మయికి ఒళ్లంతా గాలిలో తేలినట్టయింది. ఇన్నాళ్లూ ఆ రెంటినీ తక్కెడలో చెరో వైపు పెట్టి తూచింది తను. ఒకే తట్టలో పెట్టుకుని నడిస్తే సరిపోయేది.

నాలుగో సంత. గంప. గుడ్డ తీశారు. పుంజు నెత్తి మీద కాలు పెట్టి ఎగిరింది. సంత మీది నుంచి ఎగిరి, చెట్ల మీది నుంచి ఎగిరి... అవ్వ గొంతు ఆగిపోయింది. నలభై మందీ ఆగారు. సత్యమూర్తి మీటలన్నీ నొక్కాడు.

"ఆఁ? తర్వాత?"

కిరణ్మయి నందే వైపు తిరిగింది. "అవ్వా, విన్నడు. మనల్ని ఎరగనాయన, నడుమల లేవకుండ విన్నడు. ఇగ చెప్పు" అని ఫోన్‌లో రికార్డు నొక్కింది.

నందే చీపుళ్ల కట్టను ఒళ్లోకి తీసుకుని ఈనెలు సవరించింది. ఏ మాటకైనా ముందే జవాబు సిద్ధంగా ఉండే మనిషి అట్లా తలవంచుకోవడం కిరణ్మయి ఎన్నడూ చూడలేదు.

"నాకు ఎరికైతే గద బిడ్డా" అంది చివరకు.

"ఏంది?"

"మా పెద్దమ్మ చెప్పింది నాకు. సంత నుంచి ఇంటికొచ్చేటప్పుడు, తోవల. గప్పుడు నేను గింత పిల్లని. పుంజు ఎగిరింది అనేకాడికి తోవ రెండాయె. ఆమె అటు పోవాలె, నేను ఇటు. వచ్చే సంతకు చెప్త పో అంది. వచ్చే సంతకు ఆమె రాలే. మల్ల ఎన్నడు రాలే." చేతిలో ఈనె ఒకటి విరిచి, "ఎరికలేదంటే సిగ్గు గద. అందుకే ఆ షరతు పెట్టిన. ఎవ్వలు ఇంతదూరం ఇంటరులే అనుకున్న" అంది.

కిరణ్మయికి కోపం రావాల్సింది. నాలుగేళ్లు, మూడు గిన్నెల సెట్టు బేరాలు, ఆ బతిమాలుడు. రాలేదు. ఆ ముసలి మొహంలో సంత దారి మీద ఒంటరిగా నిలబడిన చిన్నపిల్ల కనిపించింది.

తెలుగు రాని పిల్లలకు ఏం జరిగిందో తెలియలేదు కానీ, ఏదో ఆగిపోయిందని తెలిసి చప్పబడ్డారు. సత్యమూర్తి మాత్రం కళ్లజోడు తుడుచుకుని తెర వైపే చూస్తున్నాడు.

"ఎటు ఎగిరిందన్నారు మామ్మగారూ? సంత మీది నుంచి చెట్ల మీదికి కదా? ఆ చెట్లకు అవతల ఏరే ఉంది, నేను ఈదాను కదా. ఏటి మధ్య దిబ్బల మీద చెట్టూచేమా లేదు, అక్కడ వాలదు. గుట్ట మీద నిలబడితే అన్నీ కనిపిస్తాయి, అక్కడ దాక్కోలేదు. ఇక మిగిలింది ఆ నీళ్ల చాటు గుహే. అందులోనే దూరి ఉంటుంది."

నందే తలెత్తింది. "గుహల గబ్బిలాలున్నయి గద."

"ఉన్నాయి. అదే చెబుతున్నా. పుంజు లోపలికి పోయి, తెల్లారిందో లేదో తెలియక నోరు తెరిచింది. ధిం అంది. మా గనిలో చూశాను నేను, కొండ కడుపులో ఒక్క దెబ్బ కొడితే పది దెబ్బలు వినిపిస్తాయి. ఆ చప్పుడు రాతికి కొట్టుకుని, గబ్బిలాలన్నీ లేచి..."

ఆయన ఆగాడు. ఎట్లా చెప్పాలో ఆలోచిస్తున్నాడు.

నందే ఒళ్లోంచి చీపుళ్లు జారిపోయాయి. ఆమె ముందుకు వంగింది. పళ్లు లేని నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

"తర్వాత?" అంది.

ఇన్నేళ్లలో ఆ మాట ఆమె నోట రావడం కిరణ్మయి వినలేదు. దాన్ని అవతలి వాళ్ల చేత అనిపించడమే ఆమె పని.

"తర్వాత... ఉండండి మామ్మగారూ, కూర్చుంటే తోచడం లేదు" అన్నాడు సత్యమూర్తి.

"కూసుంటే ఎట్ల తోస్తది తమ్మీ. లే. నడుసుకుంట చెప్పు."

ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుని లేచింది. ఇద్దరూ బల్లల మధ్య నుంచి మైదానంలోకి దిగారు. ఆయన చేతులు తిప్పుతూ గబ్బిలాలు ఎట్లా లేచాయో చూపిస్తున్నాడు, ఆమె అక్కడక్కడ ఆపి, అట్ల కాదు ఇట్ల అయి ఉంటది అని దిద్దుతోంది. ముందు ఇద్దరు పిల్లలు వాళ్ల వెంట కదిలారు. తర్వాత నలుగురు. తర్వాత అయిదు బల్లల వాళ్లూ, రాయపూర్ పెద్దమనిషీ, గేటు దగ్గర గిన్నె తూకం వేస్తున్న వాడు వేస్తున్నట్టే వదిలేసి దశరథరామయ్యా. కిరణ్మయి బల్ల ఎవరికీ అప్పజెప్పలేదు, చెప్పులు కూడా వేసుకోలేదు. ఫోన్ చేత పట్టుకుని, నందే మళ్లీ "తర్వాత?" అనడం దూరం నుంచి వినిపించి, అందరినీ తోసుకుంటూ పరుగెత్తింది.